అమెరికా ఫిజికల్ థెరపీలో అసిస్టెంట్ పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది

అమెరికాలో అమ్మకో నాన్నకో మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించిన తెలుగు కుటుంబాలకు వచ్చే అనుమానం ఒకటుంది. మొదటి రోజు ఫిజికల్ థెరపిస్ట్ ఇంటికి వచ్చి గంటసేపు పరీక్షించి వెళ్లారు. రెండోసారి నుంచి వేరే మనిషి వస్తున్నారు. బ్యాడ్జి మీద ‘పీటీఏ’ అని ఉంది. అసలు మనిషి రాకుండా సహాయకుణ్ణి పంపి సరిపెడుతున్నారా?

పీటీఏ అంటే ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్. గుర్తింపు ఉన్న కళాశాలలో సుమారు రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చదివి, అందులో భాగంగా ఆసుపత్రుల్లోనూ క్లినిక్కుల్లోనూ శిక్షణ పొంది, జాతీయ పరీక్ష రాసి, రాష్ట్రం నుంచి లైసెన్సు తెచ్చుకున్న వ్యక్తి. థెరపిస్ట్ చదువు వేరు. బ్యాచిలర్ డిగ్రీ అయ్యాక మరో మూడేళ్లు చదివి డాక్టరేట్ తెచ్చుకోవాలి. ఈ ఇద్దరూ కాక క్లినిక్కుల్లో ‘ఎయిడ్’ లేదా ‘టెక్’ అనే మూడో మనిషి కూడా కనిపిస్తారు. బల్లలు తుడవడం, ఐస్ ప్యాకులు తేవడం, రోగిని గదిలోకి తీసుకురావడం వీళ్ల పని. వీళ్లకు లైసెన్సు ఉండదు, పనిలోనే నేర్చుకుంటారు. ఎయిడ్ చేయించిన వ్యాయామానికి, పక్కన ఎవరు పర్యవేక్షించినా సరే, మెడికేర్ (ప్రధానంగా 65 దాటినవారికి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బు ఇవ్వదు. కుటుంబాలు ఎక్కువగా పొరబడేది ఈ రెండో, మూడో మెట్ల మధ్యనే. పీటీఏని ఎయిడ్ అనుకుని చిన్నచూపు చూస్తారు, ఎయిడ్‌ని పీటీఏ అనుకుని వైద్య సలహా అడుగుతారు.

పీటీఏ అనే ఈ నడిమి మెట్టు 1960లలో పుట్టింది. థెరపిస్టులు చాలక ఆసుపత్రులు ఇబ్బంది పడుతున్న రోజుల్లో, 1967లో అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్ ఈ ఉద్యోగానికి ఒక విధానం ఆమోదించింది. మయామీ, మినియాపొలిస్ నగరాల్లోని రెండు కళాశాలలు కోర్సు పెట్టాయి. మొదటి బ్యాచ్ 1969లో బయటికొచ్చింది.

పరీక్షించి సమస్య ఏమిటో తేల్చడం, ఏ లక్ష్యాలు పెట్టుకోవాలో నిర్ణయించడం, చికిత్స ప్రణాళిక రాయడం, మార్చడం, ఇక చాలు అని ముగించడం థెరపిస్ట్ పని. ఆ ప్రణాళికను రోగి ఒంటి మీద అమలు చేయడం అసిస్టెంట్ పని. వెన్నుపూసనో కీలునో పట్టి ఒక్క ఊపున కదిలించే మానిప్యులేషన్ లాంటివి చాలా రాష్ట్రాల్లో థెరపిస్టే చేయాలి. కచ్చితమైన హద్దు రాష్ట్ర చట్టాన్ని బట్టి మారుతుంది. కాగితం మీద ఇది తేలికగానే కనబడుతుంది. చిక్కంతా ‘అమలు’ అనే మాటలో ఉంది. ఎందుకంటే ఏ రోజూ రోగి నిన్నటిలా ఉండడు.

ప్రణాళికలో ‘తొడ ముందు కండరానికి బలం పెంచే వ్యాయామాలు’ అని ఉందనుకుందాం. నిన్న పదిసార్లు కాలెత్తిన ఆవిడ ఈరోజు పన్నెండుసార్లు అవలీలగా ఎత్తితే, చీలమండకు అరకిలో బరువు కట్టాలా, ఇంకో వరుస చేయించాలా అన్నది అసిస్టెంటే తేల్చుకోవచ్చు. రాత్రి నిద్రలేక నీరసంగా ఉంటే తగ్గించవచ్చు, ఆపేయనూ వచ్చు. అదే ఆవిడ ‘వాకర్ మీద వాలి వాలి భుజం కూడా నొప్పి పుడుతోంది’ అంటే మాత్రం భుజానికి ఏ వ్యాయామమూ మొదలుపెట్టకూడదు. భుజం ప్రణాళికలో లేదు, దాన్ని ఎవరూ పరీక్షించలేదు. వాకర్ ఎత్తు సరిచూసి, థెరపిస్ట్‌కు ఫోన్ చేసి, ఆ మాట నోట్‌లో రాయాలి. మోతాదు అసిస్టెంట్ చేతిలో ఉంటుంది, ఏం చేయాలన్నది ఉండదు. మంచి అసిస్టెంట్‌కీ మామూలు అసిస్టెంట్‌కీ తేడా ఈ మోతాదు దగ్గరే తెలుస్తుంది.

ఒక విజిట్‌లో జరిగేది

ఆపరేషన్ అయి వారం దాటిన రోగి ఇంటికి వచ్చిన అసిస్టెంట్ గడప దాటేలోపే ఫైలు చూసి ఉండాలి. కాలి మీద ఎంత బరువు మోపవచ్చని సర్జన్ రాశారు, రక్తం పలచబడే మందు ఉందా, క్రితం విజిట్‌లో మోకాలు ఎంత మడిచారు, నొప్పి మాత్ర ఎన్నింటికి వేసుకుంటున్నారు. చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం విజిట్లు చెడేది అక్కడే. మాత్ర వేసుకున్న ముప్పావు గంటకో గంటకో వ్యాయామం మొదలైతే మోకాలు వంగుతుంది. అసిస్టెంట్ తలుపు తట్టాక మాత్ర మింగితే, అది పనిచేసే సమయానికి ఆయన పక్క వీధిలో ఇంకో ఇంట్లో ఉంటారు.

తర్వాత నాడి, రక్తపోటు, ఆక్సిజన్. కూర్చున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి. నిలబడిన మూడు నిమిషాల్లో పై రక్తపోటు 20 గానీ కింది రక్తపోటు 10 గానీ పడిపోతే, ఆ రోజు నడక కంటే ముందు ఆ విషయం చూడాలి. రక్తం పోవడం, నీళ్లు సరిగా తాగకపోవడం, నొప్పి మందులు, ఎప్పటినుంచో వాడుతున్న బీపీ మాత్ర, అన్నీ కలిసి ఇలా చేస్తాయి. కళ్లు తిరిగి పడితే కొత్త మోకాలికి తగిలే దెబ్బ చిన్నది కాదు.

తర్వాత కాలు చూస్తారు. కట్టు తడిసిందా, కుట్ల చుట్టూ ఎరుపు పాకుతోందా, పిక్క ఒకవైపే ఉబ్బిందా, పాదాన్ని పైకి ఎత్తగలుగుతున్నారా. పాదం పైకి లేవకపోతే మోకాలి పక్కగా వెళ్లే నరం దెబ్బతిన్నదేమోనని అనుమానించాలి.

ఆ తర్వాత కొలత. గోనియోమీటర్ అనే రెండు చేతుల ప్లాస్టిక్ కొలబద్ద ఇరుసును మోకాలి బయటివైపు ఎముక ఉబ్బు మీద పెట్టి, ఒక చేతిని తుంటి పక్కన తగిలే ఎముక వైపుకూ, రెండోదాన్ని చీలమండ బయటి ఎముక వైపుకూ తిప్పి చదువుతారు. చెయ్యి తిరిగినవాళ్లు కొలిచినా అయిదు డిగ్రీల అటూ ఇటూ తేడా మామూలే. థెరపిస్ట్ పడుకోబెట్టి కొలిచి, అసిస్టెంట్ కూర్చోబెట్టి కొలిస్తే ఆ రెండు అంకెలను పోల్చడంలో అర్థం లేదు. ‘మొన్న 95 అన్నారు, ఇవాళ 88 అంటున్నారు, తగ్గిపోయిందా’ అని ఇంట్లోవాళ్లు బెంగపడే సందర్భాల్లో కొన్నింటికి కారణం ఇంతే. అందుకే ఏ భంగిమలో కొలిచారో, రోగి సొంతంగా మడిచారో, చేత్తో నొక్కితే వంగిందో రాయడం అలవాటు ఉండాలి.

ఈ అంకెల వెనక రోజువారీ పనులున్నాయి. చదునైన నేల మీద నడవడానికి మోకాలు సుమారు 60 నుంచి 70 డిగ్రీలు వంగితే సరిపోతుంది. మెట్లకు 80, 90 కావాలి. మామూలు కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవాలంటే 90 దాటాలి. సాధారణంగా రెండు వారాలకు 90కి దగ్గర పడాలని, మూడు నెలలకు 110 నుంచి 120 రావాలని చూస్తారు. ఆరు వారాలు గడిచినా 90 దాటకపోతే మత్తు ఇచ్చి మోకాలిని వంచే సంగతి సర్జన్ ఆలోచిస్తారు. మడత మీద అందరికీ ధ్యాస ఉంటుంది. కాలు పూర్తిగా చాపడం, అంటే 0 డిగ్రీలు, దానిని పట్టించుకునేవాళ్లు తక్కువ. నిజానికి కాలు చాపడం రాకపోతే కుంటు శాశ్వతంగా మిగులుతుంది. మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటే హాయిగా ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు ప్రేమగా అదే పెడతారు. వారాల తరబడి అలా ఉంచితే మోకాలు వంగిన స్థితిలోనే బిగుసుకుపోతుంది. దిండు పెట్టాల్సింది మడమ కింద. ప్రతి విజిట్‌లోనూ పడకను ఒకసారి చూసి ఈ మాట చెప్పే అసిస్టెంట్ తన జీతానికి తగ్గ పని చేసినట్టే.

వ్యాయామాల జాబితా పెద్దదేమీ కాదు. పాదాన్ని పైకి కిందికి ఆడించడం, మోకాలిని పరుపుకేసి నొక్కి తొడ కండరాన్ని అయిదు సెకన్లు బిగబట్టడం, మడమను పిరుదు వైపు జరపడం, కాలు చాపి పైకెత్తడం, కుర్చీలో కూర్చుని లేవడం. కాగితం మీద ఇవి ఎవరైనా చేయించగలిగినవే. చూసే కన్ను ఉండాలి. కాలు చాపి ఎత్తమంటే మోకాలు కొంచెం వంగి లేస్తోందా? చేత్తో చాపితే పూర్తిగా చాపుకుంటూ, తనంతట తాను ఎత్తినప్పుడు మాత్రం వంగుతుంటే కండరం ఇంకా మేలుకోలేదని అర్థం. ఆపరేషన్ అయిన మొదటి నెలలో ఆ కండరం బలం దాదాపు సగం పోతుంది. అలాంటప్పుడు వంకరగా ఇరవైసార్లు ఎత్తించడం దండగ. వెనక్కి వచ్చి బిగబట్టే వ్యాయామాన్ని గట్టిగా చేయించాలి. విద్యుత్ ప్రేరణతో కండరాన్ని కుంచింపజేసే పరికరం ప్రణాళికలో ఉంటే, గుండెకు పేస్‌మేకర్ లేదని నిర్ధారించుకుని వాడాలి. ప్రణాళికలో లేకపోతే, అది పెడితే బాగుంటుందని థెరపిస్ట్‌కు చెప్పాలే గానీ తనంతట తాను పెట్టేయకూడదు.

నడక దగ్గర పొరపాట్లు ఎక్కువ. చేతులు వేలాడదీసి నిలబడినప్పుడు వాకర్ పిడి మణికట్టు మడత దగ్గరకు రావాలి, పట్టుకుంటే మోచేయి 20 నుంచి 30 డిగ్రీలు వంగాలి. అంతకంటే ఎత్తుంటే భుజాలు లేస్తాయి, పొట్టిదైతే నడుం వంగుతుంది. తెలిసినవాళ్ల గరాజ్‌లోంచి తెచ్చుకున్న వాకర్ వాళ్ల ఎత్తుకే బిగించి ఉంటుంది, ఎవరూ సరిచేయరు. ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ అయిన కాలు, ఆ తర్వాత మంచి కాలు. నడుముకు గెయిట్ బెల్ట్ (రోగిని పట్టుకుని నడిపించే పట్టీ) బట్టల మీదుగా కట్టి, కింది నుంచి చెయ్యి దూర్చి పట్టుకుని, ఆపరేషన్ అయిన వైపు కాస్త వెనకగా అసిస్టెంట్ నిలబడతారు. ‘రోజూ నడుస్తున్నారుగా’ అని బెల్ట్ మానేయడం ఈ వృత్తిలో అన్నిటికంటే మామూలుగా కనబడే నిర్లక్ష్యం. మోకాలు ఒక్కసారిగా జావగారిపోయేది చెప్పి కాదు. చొక్కానో చెయ్యో పట్టుకుని ఆపబోతే భుజం కీలు తప్పుతుంది, మనిషీ పడతారు.

మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఎక్కేటప్పుడు అసిస్టెంట్ వెనక ఉంటారు, దిగేటప్పుడు ఒక మెట్టు కింద ముందువైపు ఉంటారు. పడకగదులన్నీ పై అంతస్తులో ఉండే అమెరికా ఇళ్లలో ఇది మొదటి వారంలోనే తేలాల్సిన విషయం.

చివర్లో 15 నుంచి 20 నిమిషాలు గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాక్.

ఆపాల్సిన చోట ఆపడం

పిక్క ఒకవైపే వాచి, వేడెక్కి, నొక్కితే నొప్పి పుడుతుంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. పాదాన్ని పైకి విరిచి నొప్పి వస్తోందా అని చూసే పాత పరీక్షను నమ్ముకోవడానికి లేదు, అది అవునన్నా కాదన్నా తప్పే కావచ్చు. అసిస్టెంట్ రోగనిర్ధారణ చేయరు. చూసింది చూసినట్టు కొలతలతో థెరపిస్ట్‌కు, సర్జన్ ఆఫీసుకు అప్పటికప్పుడే చెబుతారు, ఆ కాలితో వ్యాయామం ఆపుతారు, పిక్కను పిసకరు, ఇంట్లోవాళ్లను పిసకనివ్వరు. మన ఇళ్లలో ఈ చివరి మాట గట్టిగా చెప్పాలి. కాళ్లు పట్టడం సేవ కాబట్టి వద్దన్నా చేస్తారు. ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో నొప్పి వస్తే ఫోన్లు, సంప్రదింపులు ఏమీ లేవు, నేరుగా అత్యవసర నంబరు 911.

జ్వరం, కుట్ల నుంచి చీము, ముందురోజు లేని మతిమరుపు మాటలు, ఆక్సిజన్ 90 కంటే తగ్గడం, ఇవన్నీ ఆపే సూచనలే. ఆ రోజు విజిట్ పదిహేను నిమిషాల్లో ముగిసిపోతుంది. ‘ఏమీ చేయించకుండానే వెళ్లిపోయారు’ అని ఇంట్లోవాళ్లకు అనిపిస్తుంది.

నోట్, పర్యవేక్షణ, డబ్బు

విజిట్ అయ్యాక రాసే నోట్ ద్వారానే థెరపిస్ట్ రోగిని చూస్తారు. ‘వ్యాయామాలు చేయించాను, బాగా తట్టుకున్నారు’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘పడుకోబెట్టి కొలిస్తే సొంతంగా 84 డిగ్రీలు, క్రితంసారి 78. కాలెత్తినప్పుడు 10 డిగ్రీల వంపు ఉంది. వాకర్‌తో 120 అడుగులు నడిచారు, తిరిగేటప్పుడు రెండుసార్లు పట్టుకోవాల్సి వచ్చింది. రాత్రి నొప్పికి నిద్ర లేదన్నారు’ అని రాస్తే థెరపిస్ట్ ఎక్కడ ఉన్నా పరిస్థితి కళ్లకు కడుతుంది. సాయం ఎంత చేశారో చెప్పడానికీ లెక్క ఉంది. పనిలో 75 శాతం లేదా అంతకు మించి రోగే చేసుకుంటే కనిష్ఠ సాయం, 50 నుంచి 74 శాతం చేసుకుంటే మధ్యస్థ సాయం. నోట్లలో ఈ మాట వారాల తరబడి మారకపోతే ప్రణాళికే మార్చాలేమో.

మెడికేర్ బయటి రోగుల విభాగంలో కనీసం ప్రతి పది చికిత్స రోజులకు ఒకసారి ప్రగతి నివేదిక ఉండాలి, అది థెరపిస్ట్ రాయాలి. ఇంటికి వచ్చి చేసే చికిత్సలో 30 రోజులు దాటకుండా థెరపిస్ట్ స్వయంగా వచ్చి తిరిగి పరీక్షించాలి. క్లినిక్ బిల్లులో 97161, 97162, 97163 అనే సంఖ్యలు మొదటి పరీక్షవి, 97164 మళ్లీ చేసిన పరీక్షది. ఆ పరీక్షలు థెరపిస్ట్ చేసినవై ఉండాలి. 97110 వ్యాయామం, 97116 నడక శిక్షణ, ఇవి ఇద్దరిలో ఎవరైనా చేయించవచ్చు. నిమిషాల లెక్కన బిల్లు వేసే సేవల్లో 8 నుంచి 22 నిమిషాలు ఒక యూనిట్, 23 నుంచి 37 రెండు.

పర్యవేక్షణ అంటే పక్కనే నిలబడి చూడటం అనుకోవద్దు. ప్రైవేట్ క్లినిక్కుల్లో మెడికేర్ రోగికి అసిస్టెంట్ చికిత్స చేస్తుంటే థెరపిస్ట్ అదే ప్రాంగణంలో ఉండాలని ఒకప్పుడు నియమం ఉండేది. 2025 జనవరి 1 నుంచి ఫోన్‌లో అందుబాటులో ఉంటే చాలని మార్చారు. రాష్ట్ర చట్టం ఇంకా కఠినంగా ఉంటే అదే చెల్లుతుంది. 2022 నుంచి చెల్లింపులోనూ మార్పు వచ్చింది. బయటి రోగుల సేవలో పదో వంతుకు మించి అసిస్టెంట్ చేస్తే బిల్లుకు ‘సీక్యూ’ గుర్తు తగిలించాలి, మెడికేర్ ఇచ్చేది అప్పుడు 85 శాతమే. అదే వ్యాయామం, అదే నలభై నిమిషాలు, డబ్బు తక్కువ. అద్దె మాత్రం తగ్గదు కాబట్టి కొన్ని క్లినిక్కులు అసిస్టెంట్లను తగ్గించుకుంటాయి, కొన్ని అదే గంటలో ఎక్కువమందిని చూడమంటాయి. నర్సింగ్ హోముల్లో ఉద్యోగ సమయంలో 85, 90 శాతం రోగుల దగ్గరే గడవాలన్న లక్ష్యాలూ ఉంటాయి. ఫైలు చదవడం, థెరపిస్ట్‌తో మాట్లాడటం, నోట్ రాయడం అన్నీ మిగిలిన ఆ కొద్ది నిమిషాల్లోనే. చికిత్స నాణ్యత పడిపోయేది చాలాసార్లు అక్కడి నుంచే తప్ప అసిస్టెంట్ చదువు తక్కువవడం వల్ల కాదని మా అభిప్రాయం. అందరికీ ఒకే పది వ్యాయామాలు, పదేసిసార్లు, నాలుగు వారాలు బరువు పెంచకుండా చేయిస్తున్నారంటే దాని వెనక ఈ హడావిడి ఉంటుంది. రోగికి అలసట వస్తుంది, బలం రాదు.

అసిస్టెంట్ల, థెరపిస్టుల వైపు తప్పులూ ఉన్నాయి. ‘ఇంకో నెల చేస్తే పూర్తిగా నయమవుతుంది’ అని అసిస్టెంట్ భరోసా ఇవ్వడం, సర్జన్ పెట్టిన బరువు పరిమితిని ‘మీరు బాగానే ఉన్నారు’ అని తనే సడలించడం హద్దు దాటడమే. నెలకోసారి సంతకం పెట్టి రోగి ముఖం చూడని థెరపిస్ట్ హద్దు దాటకపోయినా అంతే నష్టం చేస్తారు.

తెలుగు పెద్దవాళ్ల విషయంలో ఒక చిక్కు తరచూ వస్తుంది. పరీక్ష రోజున థెరపిస్ట్ ‘మీ లక్ష్యమేమిటి’ అని అడిగితే కొడుకు ‘నడవాలి’ అని చెప్పేస్తాడు. రెండు వారాల తర్వాత, మోకాలు మడుస్తూ మాటల్లో పడ్డప్పుడు, ఆవిడకు కావాల్సింది పూజకు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడమనీ, ఊరికి వెళ్తే అక్కడ కమోడ్ లేదనీ బయటపడుతుంది. మార్పిడి చేసిన మోకాలికి సాధారణంగా వచ్చే 110, 120 డిగ్రీలు వీటికి చాలవు. చాలామంది సర్జన్లు నేల మీద కూర్చోవడం వద్దంటారు. లక్ష్యం మార్చడం అసిస్టెంట్ చేతిలో లేదు. ఆ మాటను థెరపిస్ట్‌కు చేర్చడం మాత్రం ఆయన బాధ్యత. కుర్చీలో కూర్చుని పూజ చేసుకునే ఏర్పాటు, ఊళ్లో కమోడ్ పెట్టించే సంగతి అప్పుడు ముందుగానే మాట్లాడుకోవచ్చు. ఇంగ్లీషు రానివాళ్లకు ఆసుపత్రి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలి. ఫోన్‌లో తెలుగు దుబాసీలు దొరుకుతారు. కొడుకూ కోడలూ ఎదురుగా ఉంటే మలబద్ధకం గురించో, రాత్రి పడబోయిన సంగతి గురించో పెద్దవాళ్లు నోరు విప్పరు కాబట్టి ఈ సదుపాయం అడిగి తీసుకోవడం మంచిది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆపరేషన్ చేయించుకుని వచ్చినవారు అమెరికా పద్ధతిని అక్కడి అనుభవంతో పోల్చి తికమక పడతారు. మన దగ్గర బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివిన ఫిజియోథెరపిస్టే మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు చేయించడం మామూలు. అమెరికాలోలా అసిస్టెంట్‌కు వేరే జాతీయ పరీక్ష, వేరే లైసెన్సు ఉన్న మెట్టు లేదు. క్లినిక్‌లో యంత్రం పెట్టి వెళ్లే సహాయకుడు పీటీఏ కంటే ఎయిడ్‌కే దగ్గర.

ఇంటికి పీటీఏ వస్తున్నప్పుడు అడగాల్సినవి కొన్నే. థెరపిస్ట్ పేరేమిటి, ఆయన మళ్లీ ఎప్పుడు వస్తారు? ఈ వారం పెట్టుకున్న లక్ష్యం ఏ అంకె? క్రితంసారి కంటే ఈరోజు ఏది పెంచారు, ఎందుకు? మూడో ప్రశ్నకు వెంటనే జవాబు వస్తే పని సరిగా నడుస్తోందనుకోవచ్చు. రెండు విజిట్లలో వరుసగా రాకపోతే పీటీఏని పంపే ఏజెన్సీకి ఫోన్ చేసి థెరపిస్ట్‌తో మాట్లాడాలని అడగండి.